హనుమవ్వ మంచినీళ్లు పోసిన మొక్కలు

నీలం చుక్కలు ఇరవై నాలుగూ ఇంకా గళ్ల దగ్గరే నిలబడి ఉన్నాయి. కదలండమ్మా, జర కదలండి, అని సౌభాగ్యలక్ష్మి మనసులో అనుకుంది, అనుకుని తనకే నవ్వొచ్చింది, ఎందుకంటే వాటిని కదిలించేది ఆమె బతిమాలడం కాదు, వంద వోల్టుల కరెంటు. పెట్టెలో నీళ్లు, నీళ్లలో జున్నుముక్కలా వణికే జెల్, దానికి ఒక కొసన వరసగా గళ్లు, మొదటి రెంటిలో పోల్చడానికి తల్లి వరి, తండ్రి వరి, మిగతా ఇరవై రెంటిలో గడికొక కొత్త మొక్క చొప్పున జన్యుపదార్థం, కంటికి ఆనడానికి నీలం రంగు కలిపి. గంటసేపు కరెంటు పారితే ముక్కలు విడిపోతాయి, చిన్నవి ముందుకు ఉరుకుతాయి, పెద్దవి వెనక పడతాయి, ఆ తర్వాత జెల్‌ను యూవీ దీపం మీద పెడితే గీతలు కనబడతాయి. ఒక్క గీతే ఉంటే మామూలు మొక్క. రెండు గీతలుంటే ఉప్పును తట్టుకునే జన్యువు దానిలో ఉన్నట్టు. ఇరవై రెండు మొక్కల్లో ఒక్కదానికీ రెండో గీత రాలేదంటే మూడేళ్ల పని కృష్ణలో కలిసినట్టే, ప్రాజెక్టు మార్చితో ఆఖరు, మల్లట్‌లో రైతు బసవలింగప్పకు చెప్పడానికి ముఖం కూడా ఉండదు. ఇప్పుడు పదీ పావు. పదకొండూ పావుకు తెలిసిపోతుంది. గంట అంటే ఎంత, మార్కెట్లో ఇద్దరు ఎదురుపడి కుశలం అడిగితే గడిచిపోయే గంట, ఈ పెట్టె ముందు కూర్చుంటే మాత్రం గడియారం ముల్లు కూడా ఉప్పు ఎక్కి తుప్పు పట్టిందేమో అనిపిస్తుంది.

పొద్దున ఎనిమిదింటి వరకు దిగులన్నదే లేదు గదా. బండి ఆపి వల షెడ్డులోకి పోయి చూస్తే ఇరవై రెండు పెయింటు డబ్బాల్లో ఇరవై రెండు మొక్కలూ పచ్చగా నిలబడి ఉన్నాయి, కొన్ని కాస్త పాలిపోయినా అన్నిటికీ ప్రాణముంది, పద్నాలుగు రోజుల ఉప్పునీటి తర్వాత సగమైనా చచ్చిపోవాల్సినవి. ఆ ఆనందంలో నోరు ఊరుకుంటుందా. షెడ్డు ఊడుస్తున్న హనుమవ్వను పిలిచి, చూసినావా హనుమవ్వా, అంతా నీ చలువే, అంది. హనుమవ్వకు అరవై దాటి ఉంటాయి, కల్లూరు నుంచి రోజూ మొదటి బస్సుకు వస్తుంది, ఈ షెడ్డులో నీళ్లు పోసే పని ఆమెదే, ఆరేళ్లుగా ఒక్కనాడు నాగా లేదు. పొగిడితే ఎప్పుడూ పళ్లు లేని నోటితో నవ్వే మనిషి ఇవాళ చీపురు గోడకు ఆనించి, కొంగుతో చేతులు తుడుచుకుని నిలబడింది.

"ఒక మాట జెప్త. కోపం జెయ్యొద్దు."

"ఏంది?"

"నేను మంచినీళ్లు పోసిన."

పోసింది. ఏం దాచలేదు, కడుపులో ఉన్నదంతా కక్కేసింది. పొద్దున అందరి ముందు ఉప్పునీళ్లు పోసేది, చెప్పిన కొలతకు చెంబు తక్కువ చేయకుండా, సాయంత్రం పోయేముందు ఎవరూ లేనప్పుడు వాడినవాటికి మాత్రం తలా రెండు చెంబులు మంచినీళ్లు పోసి ఉప్పంతా కిందికి దిగిపోయేలా కడిగేది. ఈ పంటకారే కాదు, పోయిన పంటకారు కూడా. "మా దిక్కు పగోని చేన్ల గూడ ఉప్పు పొయ్యరమ్మా. నువ్వు చదువుకున్నదానివి, పొయ్యమంటివి, పోసిన. గవి కండ్ల ముంగట పసుపు పడుతుంటె ఎట్ల జూడాలె? బాలింతకు అన్నం పెట్టకుండ ఎండబెట్టినట్టు లేదా?" సౌభాగ్యకు కోపం రావలసిన చోట ముందు నవ్వు వచ్చింది, నవ్వు వెనకాలే దిగులు దిగింది. ఎందుకంటే రెండు కార్లుగా ఏ మొక్క బతికితే అదే గట్టిదని, దాన్నే తల్లిని చేసి విత్తనం పట్టుకుంటూ వచ్చింది. ఉప్పును గెలిచి బతికినవేవి, హనుమవ్వ దయతో బతికినవేవి? ఎవరికి తెలుసు?

నీలం చుక్కలు గడి దాటి వేలి వెడల్పు దిగాయి. శభాష్.

ఉప్పంటే తనకు కొత్తా? ఉప్పు బస్తాల మీద పడుకుని నిద్రపోయిన పిల్ల. రాయచూరులో తీన్ కందీల్ దగ్గర నాన్న గురురాజ శెట్టిది కల్లుప్పు దుకాణం, తాత నాటిది, నిజాం రోజుల్లో గుర్రపు బండి మీద దిగేదట సరుకు, ఇప్పుడు లారీలో దిగుతుంది, వాన పడితే బస్తాల కింద నేల చెమ్మగిల్లి గోడ సున్నం పొరలు పొరలుగా రాలుతుంది, ఏటా దసరాకు సున్నం కొట్టించడం, ఏటా రాలడం, గోడకే దాని కథ తెలుసు. ఉప్పు ఎవరికీ చేతిలో పెట్టడు నాన్న, కింద పెడతాడు, వాళ్లు తీసుకోవాలి, చేతిలో పెడితే కొట్లాట వస్తుందని. దీపం పెట్టిన తర్వాత వచ్చి ఉప్పు అని అడిగితే లేదంటాడు, రుచి కావాలి శెట్టీ అంటే మాత్రం లేచి కొలుస్తాడు. అలాంటి మనిషికి కూతురు చదువుకుని చేసే పని చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు. "మూడు తరాలు ఉప్పు అమ్ముకుని బతికినం. నువ్వు దాని మీదికి ఫౌజు తయారు జేస్తున్నవా బిడ్డా?" ఫౌజు కాదు నాన్నా, ఉప్పు వేళ్ల దగ్గరికి వచ్చి తలుపు కొడితే లోపలికి రానివ్వని గట్టి ఇల్లాలు కావాలి, అంతే, అని తను అంటే, మీ అమ్మను పంపుతా తీసుకపో అన్నాడు. అమ్మ లోపలి నుంచి గరిటె చూపించింది. ఆ సాయంత్రం ఎంత నవ్వుకున్నారో, నాన్న దగ్గు తెరలు తెరలుగా వచ్చేదాకా నవ్వాడు.

ఆ గట్టి ఇల్లాలు సముద్రం ఒడ్డున కుమటా దగ్గర దొరికింది. అబ్బ, ఆ రోజు. బస్సులో పన్నెండు గంటలు కూర్చుని పోతే అక్కడ పొలమే లేదు, సముద్రం పోటుకు ఎక్కి వచ్చి ఊరి వెనక నిలబడింది, ఇదేనమ్మా మా పొలం అని చూపించిందొక ముసలామె, మోకాలి లోతు ఉప్పునీళ్లలో ఎర్రగింజ వరి, కగ్గ అంటారు దాన్ని, నిలువెత్తు పెరిగి గాలికి పడిపోయి, పడిపోయిన చోటే పండుతోంది. చీర ఎగ్గట్టి దిగితే ఎండ్రకాయ ఒకటి బొటనవేలు పట్టుకుంది, అరిచిన అరుపుకు కొంగలు లేచాయి, ముసలామె మాత్రం తాపీగా, అది నీ వేలు ఉప్పగా ఉందేమో చూస్తోందిలే అన్నట్టు కన్నడంలో ఏదో అని, ఒక పిడికెడు కంకులు కోసి ఇచ్చింది. ఆ పిడికెడు కంకులే అన్నిటికీ మూలం. దాని పుప్పొడి తెచ్చి మన సన్నబియ్యం వరి మీద చల్లింది, పొద్దు పొడిచే వేళ పూవు విచ్చకముందే కత్తెరతో పొట్టు కొస కోసి, మగ కేసరాలు ఒక్కొక్కటే లాగి పారేసి, మెడ పట్టేసేదాకా. పిల్లలు పుట్టాయి, పొడుగ్గా, ఎర్రగా, తినబోతే రాయచూరులో ఒక్కరు ముద్ద మింగరు. అందుకని మళ్లీ మన సన్నానికే ఇచ్చింది, ఆ పిల్లల్ని మళ్లీ మన సన్నానికి, ప్రతిసారీ కగ్గ గుణాలు సగం సగం పోతూ ఆ ఒక్క జన్యువు మాత్రం మిగలాలి, మేనరికాల మీద మేనరికాలు చేసి పెట్టెలో అమ్మమ్మ ముక్కుపుడక ఒక్కటి మిగిలేలా చూసుకున్నట్టు. మొదటి విడతలన్నీ ఇదే పెట్టెలో గీతలు చూసి ఎంచింది. తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ కాలింది, మూడు రోజులు ఫ్రిజ్ ఆగింది, గీతలు పుట్టించే ఎంజైము గోరువెచ్చని నీళ్లయింది. కొత్తది పోయిన వారమే వచ్చింది. ఆ మధ్యలో గీతలు లేవు, ఉప్పునీళ్లే పరీక్ష, ఆ పరీక్షలో హనుమవ్వ కాపీ రాయించింది. రెండు కార్లు.

పదీ యాభై. సగం దారి దాటాయి చుక్కలు. ముక్కుపుడక ఉందో పోయిందో పెట్టె తెరిస్తే గానీ తెలియదు.

ఫోను మోగింది, బసవలింగప్ప. మల్లట్ ఆయనది. ఎడమ కాలువ నీళ్లు వచ్చిన కొత్తలో రెండేసి కార్లు వరి పండించిన పొలం, పైవాళ్ల నీళ్లు కిందికి దిగి దిగి నిలిచి, భూమిలో అడుగున ఉన్న ఉప్పంతా పైకి తేలి, వేసవిలో చూస్తే సున్నం చల్లినట్టు తెల్లగా ఉంటుంది, నడిస్తే చెప్పుల కింద పటపటమంటుంది. పోయినేడు ఇక్కడి నుంచి ఐదు మొక్కలు తీసుకుపోయి నాటితే పద్నాలుగు రోజులకు ఐదూ ఎండిపోయాయి. ఒక్క మాట అనలేదు మహానుభావుడు. ఎండిన మొక్కలు కాగితంలో చుట్టి బస్సెక్కి తెచ్చి ఇచ్చి, కన్నడంలో చెల్లెలిని పిలిచే తంగీ అన్న పిలుపుతో, "ఈసారి ఉప్పు గెలిచింది తంగీ, మళ్లీ ఆడదాం" అని, ఇంటి నుంచి తెచ్చిన జొన్నరొట్టె ఆమె ముందు పెట్టి తినేదాకా కదల్లేదు. తిడితే బాగుండేది. ఆ ఐదూ కూడా హనుమవ్వ దయ తాగిన మొక్కలే అయ్యుంటాయని ఇవాళ పొద్దున తెలిసింది. ఆయన వంతు నీళ్లు రేపు తెల్లారి, ఇవాళ సాయంత్రంలోగా నాటితేనే, లేకపోతే మళ్లీ ఏడాది, ఆ ఏడాది ఎవరిస్తారు?

"నేల తడిపి పెట్టినా తంగీ. ఎన్ని తెస్తున్నావ్?"

"అన్నా, గంటలో చెప్తా."

"గంటెందుకు, డబ్బాలు లెక్కపెట్టలేవా?" అని నవ్వి పెట్టేశాడు. లెక్కే గదా తెలియనిది అన్నా.

సరిగ్గా పదకొండుకు ఫ్యాను ఆగింది. పెట్టె మీద ఎర్రదీపం ఆరింది. ఇంకా పావుగంట నడవాలి. నీలం చుక్కలు ఎక్కడివక్కడ నిలబడ్డాయి, నిలబడడం కాదు, జెల్‌లో నెమ్మదిగా చెదిరిపోతాయి, అరగంట ఆగితే గీత గీతలా ఉండదు, నీళ్లలో పడ్డ కుంకుమలా పరుచుకుంటుంది. ఎంజైము మళ్లీ పెట్టడానికి మిగల్లేదు. మేడ మీది కిటికీలోంచి దూరంగా ఉత్తరం దిక్కున కరెంటు పుట్టించే శక్తినగర్ పొగగొట్టాలు కనబడుతున్నాయి, తెల్లగా హాయిగా పొగ వదులుతున్నాయి, మొదటి పొగగొట్టం లేచిన ఏడాదే తను పుట్టిందని అమ్మ చెబుతుంది, ఇంట్లో దానికి ముద్దుగా మీ అన్న అని పేరు కూడా. అన్నా, నువ్వు వండిందంతా బెంగుళూరుకు వడ్డించి, చెల్లెలికి ఒక్క పావుగంట కరెంటు పెట్టలేవా? అన్న పొగ వదిలాడు, ఇంకేం చేస్తాడు, ఎవరి ఇంట్లో ఎప్పుడు తీయాలో ఆయన చేతిలో ఉందా. ఏడుపు వచ్చేలా ఉంది, నిజంగా వచ్చేలా ఉంది, ముక్కు ఎగబీల్చుకుంది. కగ్గ ముసలామె గుర్తొచ్చింది. ఎండ్రకాయ గుర్తొచ్చింది. ఐదు ఎండు మొక్కలు చుట్టిన కాగితం మీద ఎవరిదో పెళ్లి ఫొటో ఉండింది, అది కూడా గుర్తొచ్చింది.

తలుపు దగ్గర ఏదో ఈడ్చిన చప్పుడు. ల్యాబు టెక్నీషియన్ ప్రాణేశ్, ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి, నడుము పట్టీ కట్టుకుని మరీ, అటెండర్ల చేత మెట్లెక్కించిన ఇన్వర్టరును, దాని బ్యాటరీని చక్రాల బల్ల మీద తోసుకుంటూ వస్తున్నాడు.

"ఫికర్ మత్ కరో మేడం. తెచ్చేసిన."

"ఎక్కడిది?"

"కింద మీటింగ్ నడుస్తుంది. పెద్దసార్ల ఫ్యాన్లకు పెట్టింది. నిమిషంల పీకేసిన."

"తిడతారు."

"ఉక్కపోతలో మీటింగ్ తొందరగ ఐపోతది. తర్వాత దువా ఇస్తరు."

ఎర్రదీపం వెలిగింది. చుక్కల కింద సన్నటి బుడగలు మళ్లీ లేచాయి. ప్రాణేశ్ నడుము పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు, సౌభాగ్య అతనికి మంచినీళ్లు ఇచ్చింది, ఇస్తూ మళ్లీ హనుమవ్వే మనసులోకొచ్చింది. దాహంతో ఉన్నవాడికి నీళ్లియ్యకుండా ఉండడం నేర్పే చదువు ఒకటి తను చదివింది, ఆ ముసలిది చదవలేదు, తప్పెవరిది? ముందే కూర్చోబెట్టి చెప్పాల్సింది. ఇదిగో హనుమవ్వా, వీటిలో చచ్చేది చావాలి, ఎందుకంటే మల్లట్‌లో ఒకాయన పొలం తెల్లబడి ఉంది, అక్కడ సాయంత్రాలు నీళ్లు పోసేవాళ్లు ఉండరు అని. కొలత చెప్పింది, చెంబు చూపింది, ఎందుకో మాత్రం చెప్పలేదు. మూడేళ్లలో ఒక్కసారి కూడా. ఆ సంగతి తట్టగానే ముఖం వేడెక్కింది, సిగ్గేసింది.

పదకొండున్నర. చాలు. జెల్‌ను రెండు చేతులతో, అరచేతిలో చేపపిల్లను మోసినట్టు మోసుకుపోయి దీపపు పెట్టెలో పెట్టి, ఇన్వర్టరు తీగ దానికి మార్చి తలుపు వేసింది, చూడమంటే ప్రాణేశ్ చూడనన్నాడు, మీరే చూడండి మేడం, నా కండ్లు మంచివి కావు అన్నాడు, మంచివే, భయమంతే. మీట నొక్కింది. నారింజ వెలుగు. మొదటి గడి, మన సన్నం, ఒక గీత కింద. రెండో గడి, కగ్గ, ఒక గీత పైన. సరిగ్గా ఉంది. ఇక పిల్లలు. ఒకటి, ఒక్క గీత, కింద. రెండు, ఒక్కటే. మూడు.

మూడో మొక్కకు రెండు.

ఉంది. పోలేదు. కుమటా ఉప్పునీళ్ల నుంచి ఇంత దూరం, కాలిన ట్రాన్స్‌ఫార్మర్లు దాటి, హనుమవ్వ చెంబులు దాటి, పోకుండా వచ్చింది. ఏడు, ఎనిమిది, పన్నెండు, పదిహేను, పంతొమ్మిది, ఇరవై ఒకటి. మూడోదానితో కలిపి మొత్తం ఏడు. ప్రాణేశ్ భుజం మీద కొట్టింది, అతను అబ్బా నడుము అన్నాడు, ఇద్దరూ నవ్వారు. కాగితం మీద ఏడు అంకెలు రాసుకుని మెట్లు రెండేసి దిగుతూ షెడ్డుకు ఉరికింది.

హనుమవ్వ షెడ్డు గుమ్మంలో కూర్చుని ఉంది, పని నుంచి తీసేస్తారని అనుకుంటోందేమో, అన్నం డబ్బా మూట కట్టి పక్కన పెట్టుకుంది. సౌభాగ్య ఆమె పక్కనే నేల మీద కూర్చుంది. అన్నీ చెప్పింది, మల్లట్ తెల్లపొలం, ఐదు మొక్కలు, రొట్టె, ఉప్పునీళ్లు ఎందుకో, అన్నీ, ఎప్పుడో చెప్పాల్సినవి. హనుమవ్వ మధ్యలో ఒక్కసారే "గట్లనా" అంది.

"ఇప్పుడు ఒకటి అడుగుతా హనుమవ్వా. నువ్వు ఏవాటికి నీళ్లు పోసినవో గుర్తున్నదా?"

"గుర్తేంది, నాకు ఎరుకలేదా?" లేచింది. డబ్బాల వరస వెంట నడుస్తూ ఆకును వేలితో తాకుతూ పోయింది. ఇది. ఇది. ఇది అడగలే, వదిలిపెట్టిన. ఇది రోజు అడుగుతుండె, అత్యాశది. సౌభాగ్య కాగితం పట్టుకుని వెనకాలే నడిచింది. మూడోది దాటేసింది హనుమవ్వ. ఏడు, ఎనిమిది దాటేసింది. సౌభాగ్య ఆ అంకెల పక్కన గుర్తు పెడుతూ పోయింది. ముసలిదానికి చదువు లేదు, జెల్ చూడలేదు, ఏ మొక్క ఉప్పుకు ఓడిపోతోందో పద్నాలుగు సాయంత్రాలు కనిపెట్టి చూసింది, ఓడినవాటికే పోసింది. ఆమె జాలే పరీక్షాఫలం, ఒక్క తప్పు లేకుండా. పన్నెండు, పదిహేను, పంతొమ్మిది, ఇరవై ఒకటి. తాకినవి పద్నాలుగు.

పద్నాలుగూ ఏడూ ఇరవై ఒకటి. డబ్బాలు ఇరవై రెండు.

"పదోదాన్ని తాకలేదు నువ్వు."

"గది ఎన్నడు అడగలే."

"దానికి ఒకటే గీత హనుమవ్వా. అందులో ఆ జన్యువు లేదు. అది వాడిపోయి ఉండాలె."

హనుమవ్వ పదో డబ్బా దగ్గరికి వెనక్కి పోయి వంగి చూసింది. పొట్టిగా, నల్లపచ్చగా, పద్నాలుగు రోజులు ఉప్పు తప్ప ఇంకేమీ తాగని మొక్క, ఆకు కొస కూడా ఎండలేదు. "గీతలు నాకు తెల్వదు. దీనికి చుక్క గూడ పొయ్యలే. పోస్తినంటే నా నోట్ల పురుగులు పడ."

కగ్గ ఇచ్చింది కాదు. మరి ఎక్కడిది? మన సన్నం లోపలే ఎక్కడో, ఎవరూ వెతకని మూలలో, ఏదో ఉందా? పరాగం ఎక్కడి నుంచైనా వచ్చిందా? పుస్తకాల్లో ఉన్న ఏ దారీ కాక మొక్క ఇంకో దారి కనిపెట్టుకుందా? తెలియదు. మూడేళ్ల నుంచి తెలిసిన దాని వెంటే పడి నడిచింది, ఇప్పుడు ఒక పెయింటు డబ్బా ముందు ఏమీ తెలియకుండా నిలబడితే ఇంత సంతోషం ఎందుకు వేస్తోందో. పైన దీపపు పెట్టెలో పదో మొక్క గడి ఒక్క గీతతో ఉంది, అది అబద్ధం చెప్పదు. హనుమవ్వా చెప్పదు.

ఫోను మోగింది.

"గంట దాటింది తంగీ. ఎన్ని తెస్తున్నావ్?"

సౌభాగ్య చేతిలో కాగితం చూసింది, ఏడు అంకెలు, తన చేతిరాత, అనుమానం లేనివి. తర్వాత పదో డబ్బా వైపు, దాని పక్కనున్న హనుమవ్వ వైపు చూసింది.

"ఎనిమిది అన్నా" అంది. "ఎనిమిదోదాన్ని హనుమవ్వ ఒళ్లో పెట్టుకుని వస్తది. ఆమెకు గూడ అన్నం వండించు."